నాలుగు టోపీలు, ఒక తల

అడ్మిషన్ల కాలంలో తమకలో బస్సు దిగితే ముందు కంటబడేవి సూట్‌కేసులు. కొత్తవి, చక్రాలున్నవి, ధర చీటీ ఇంకా ఊడనివి. కోలారు పట్టణాన్ని ఆనుకుని, బెంగళూరు నుంచి ముళబాగిలు మీదుగా పోయే జాతీయ రహదారి పక్కన ఉంటుందీ ఊరు. 1986లో ఇక్కడ దేవరాజ అరసు పేరిట వైద్య కళాశాల మొదలైంది. దాన్ని అంటిపెట్టుకుని పెద్దాస్పత్రి. ఇంకోపక్క ఉద్యాన కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం. ఈ దారి ఏటా ఎన్నో పదిహేడు, పద్దెనిమిదేళ్ల మొహాలను చూస్తుంది. నాన్న సూట్‌కేసు లాగుతుంటాడు. అమ్మ చేతి సంచిలో ఊరగాయ సీసా. పిల్లాడి చేతిలో ఫైలు, ఫైల్లో ర్యాంకు కార్డు. ఈ పిల్లాడు వస్తున్నట్టు కాలేజీకి తెలిసింది ఒక అంకెగా మాత్రమే. వాడు ఎట్లా నవ్వుతాడో, వాళ్లమ్మ ఏం బాగా వండుతుందో ఎవరికీ పట్టదు. సీటు తగలడమే గొప్ప.

ఆ దారి పక్కన టీ తాగుతుండగానే మా అక్క కొడుకు అమెరికాలోని టెక్సస్ నుంచి ఒక వీడియో పంపాడు. వాడు ఉండేది డాలస్ ఉత్తరాన ఫ్రిస్కోలో. వీడియోలో ఒక స్కూలు వ్యాయామశాల, బెంచీల నిండా పిల్లలు, ముందు ఒక బల్ల. బల్ల వెనక పదిహేడేళ్ల కుర్రాడు. ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న, వెనక నాయనమ్మ కాబోలు. బల్ల మీద నాలుగు టోపీలు, ఒక్కో టోపీ మీద ఒక్కో విశ్వవిద్యాలయం గుర్తు. కుర్రాడు మొదటి టోపీ మీద చెయ్యి పెట్టాడు. జనం గోల. తీసేశాడు. మూడోదాన్ని తాకాడు, దాన్నీ వదిలేశాడు. చివరికి రెండోది ఎత్తి తలకు పెట్టుకున్నాడు. గది కప్పు ఎగిరిపోయేట్టు కేకలు. అమ్మ కళ్లు తుడుచుకుంది.

టీకొట్టు పెద్దాయన నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏమప్పా అది, పెళ్లిచూపులా?"

"కాలేజీలో చేరతాడంట, పెద్దాయనా."

"చేరేదానికి ఇంత రచ్చా? దుడ్లు ఎంత కట్టాలంట?"

"కట్టేది లేదు. కాలేజీవాళ్లే ఇస్తారు. వాళ్లే ఇంటికొచ్చి అడుక్కుంటారు."

నా మొహంకేసి ఒక క్షణం అనుమానంగా చూసి, ఏమీ అనకుండా టీ వడగట్టడానికి పోయాడు. ఆయనకు నచ్చజెప్పేట్టు ఈ సంగతి చెప్పగలనా అని మొదలుపెట్టిన కథనమిది.

బంతి ఒకటే, చోటూ ఒకటే

ముందు ఆట. మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికావాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలితో తన్నే పని తక్కువ. కోడిగుడ్డు ఆకారపు బంతి, వంద గజాల మైదానం, పక్కకు పదకొండుమంది. బంతి చేతికొచ్చిన జట్టుకు నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు. పోలేకపోతే బంతి ఎదుటివాళ్లది. ఇంతే సూత్రం, మిగతాదంతా గుద్దులాట.

మధ్యలో వంగి నిలబడ్డవాడు కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడే క్వార్టర్‌బ్యాక్. ఆ క్షణం నుంచి వాడికి దొరికేది దాదాపు మూడు సెకన్లు. వంద కిలోలు, నూట ముప్పై కిలోల మనుషులు వాడి మీదికి వస్తుంటారు. ఆ మూడు సెకన్లలో నలుగురైదుగురు సొంతవాళ్లు ఎటు పరిగెడుతున్నారో చూడాలి, వాళ్లను కాచుకున్న ఎదుటివాళ్లు ఎటు వాలుతున్నారో పసిగట్టాలి, తన మనిషి ఇప్పుడున్న చోటికి కాక ఇంకో సెకనుకు ఉండబోయే చోటికి బంతి విసరాలి. కబడ్డీలో కూతకు వెళ్లినవాడి ఊపిరి, క్రికెట్ కెప్టెన్ బుర్ర రెండూ ఒకే ఒంట్లో ఉండాలన్నమాట.

క్రికెట్‌లో పదకొండుమందికీ బ్యాటు పట్టే అవకాశం ఉంది. బౌలర్లు అయిదారుగురు. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. కాలేజీ జట్టులో ఆ స్థానానికి నలుగురైదుగురు ఉంటారు. వాళ్లలో ఒకడు ఆడతాడు, తక్కినవాళ్లు గీత అవతల నిలబడి చేతులతో సంజ్ఞలు చేస్తుంటారు. ఆ ఒక్కడికి దెబ్బ తగిలితేనో, ఆట చెడితేనో తప్ప రెండోవాడికి పని లేదు. ఊరంతా మొక్కిన స్కూలు వీరుడు కాలేజీలో అడుగుపెట్టగానే గీత అవతలికి పోయి నిలబడతాడు. ఈ కథలో నన్ను పట్టుకున్నది టోపీల హడావుడి కాదు. ఆ తర్వాతి నిలబడడం.

అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆడే పిల్లలు సుమారు పది లక్షలు. వాళ్లలో కాలేజీ జట్టు దాకా పోయేది నూటికి ఏడుగురు. కాలేజీ చదువు ముగిసేసరికి ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వృత్తి లీగు ఎంచుకునేది నూటికి ఇద్దరిని కూడా కాదు. నీట్ రాసే ఇళ్లలోవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

శుక్రవారం సాయంత్రాలు వాళ్లకు జాతర. డాలస్ ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ అనే ఊళ్లున్నాయి, తెలుగువాళ్లు గుంపుగా ఉండేచోట్లు. ఆలెన్‌లో 2012లో హైస్కూలు పిల్లల కోసం ఆరుకోట్ల డాలర్లు పోసి పద్దెనిమిది వేలమంది కూర్చునే స్టేడియం కట్టారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసి, మరమ్మతు చేసి మళ్లీ తెరిచారు (కాంట్రాక్టు పనులు ఎక్కడైనా అంతేనని మా టీకొట్టు పెద్దాయన అనకముందే నేనే అంటున్నాను). ఆ స్కూల్లో కైలర్ మర్రే అనే క్వార్టర్‌బ్యాక్ మొదటినుంచి బరిలోకి దిగి ఆడిన 42 ఆటల్లో ఒక్కటీ ఓడిపోలేదు. అలాంటివాడు కూడా మొదట చేరిన టెక్సస్ ఏ అండ్ ఎం కాలేజీలో ఇమడలేక ఓక్లహోమాకు మారాడు. అక్కడా వెంటనే ఆడనివ్వలేదు, వంతు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో మొట్టమొదటి పేరు వాడిదే.

మా అక్క మనవరాలు ఫ్రిస్కోలో స్కూలు బ్యాండులో ట్రంపెట్ ఊదుతుంది. ఆటంటే దానికి పెద్దగా పట్టదు. విరామంలో బ్యాండు మైదానంలోకి రావడమే అసలు కార్యక్రమమని, ముందూ వెనకా జరిగేదంతా జనాన్ని కూర్చోబెట్టడానికేనని దాని వాదన.

మచ్చు పరీక్ష

కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఇళ్లలో అస్సే అనే మాట వయసుమళ్లినవాళ్లకు ఇంకా గుర్తుంది. తవ్విన రాతిలోంచి మచ్చు తీసి, పొడిచేసి, కొలిమిలో కరిగించి, టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం ఉందో తేల్చే పరీక్ష. ఆ అంకెను బట్టే ఏ పొర వెంట పోవాలో, దేన్ని వదిలేయాలో నిర్ణయించేవాళ్లు.

అమెరికాలో పిల్లలకూ అస్సే ఆఫీసులున్నాయి. స్కూలు ఆటగాళ్లను చూసి నక్షత్రాలు వేసే సంస్థలు. రెండు నుంచి అయిదు నక్షత్రాల దాకా. వాటిలో పేరున్న 247స్పోర్ట్స్ దేశం మొత్తమ్మీద ఏటా 32 మందికే అయిదు నక్షత్రాలు ఇస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు 32, మొదటి విడత ఎంపికలూ 32, అందుకని. క్వార్టర్‌బ్యాక్‌లకు విడిగా ఎలీట్ ఇలెవెన్ అనే పోటీ 1999 నుంచి నడుస్తోంది. తొమ్మిది, పది తరగతుల వేసవి సెలవులన్నీ ఇలాంటి శిబిరాల్లోనే కరుగుతాయి. చెయ్యి పొడవు కొలుస్తారు, అరచెయ్యి వెడల్పు కొలుస్తారు, బంతి ఎంత వేగంగా చేతిలోంచి వెళ్లిందో గడియారం పెడతారు.

ఆ తర్వాత కోచ్‌లు ఇంటికొస్తారు. మా పెద్దాయన నమ్మనిది ఇదే. ఏడాదికి లక్షల డాలర్ల జీతం తీసుకునే కోచ్ వచ్చి ఇంటి సోఫాలో కూర్చుంటాడు, అమ్మ చేసిన కూర బాగుందంటాడు, చెల్లెలు ఏం చదువుతోందో కనుక్కుంటాడు. మీ అబ్బాయిని సొంత కొడుకులా చూసుకుంటానంటాడు. పిల్లాణ్ణి కాలేజీకి పిలిచి, జెర్సీ తొడిగి, ఫొటోలు తీసి పంపుతారు. మన దగ్గర పిల్లాడు కాలేజీ గడప తొక్కుతాడు, అక్కడ కాలేజీ పిల్లాడి గడప తొక్కుతుంది.

గమ్మత్తేమిటంటే ఆ కోచ్‌కి ఆట మీద ఎంత పట్టుందో, తల్లుల మనసు గెలవడంలోనూ అంతే పట్టుండాలి. ఆ నాలుగు టోపీల్లో మూడు ఓడిపోయినవి. ఓడిపోయిన ముగ్గురు కోచ్‌లూ ఏ వంటింట్లోనో కూర్చుని కూర మెచ్చుకున్నవాళ్లే.

నిన్న నేరం, ఇవాళ పద్దు

డబ్బు సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. నూరేళ్లకు పైగా అమెరికా కాలేజీ ఆటలకు ఒక మడి ఉండేది. ఆటగాడు విద్యార్థి, విద్యార్థికి ఫీజు మాఫీ చేయవచ్చు, తిండి పెట్టవచ్చు, చేతికి డబ్బు ఇవ్వకూడదు. స్టేడియం టికెట్లు, టీవీ హక్కులు, కోచ్ జీతాలు కోట్లలో పెరుగుతున్నా సరే. డాలస్‌లోనే సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం ఆటగాళ్లకు రహస్యంగా డబ్బులిచ్చిందని తేలితే 1987లో ఆ కాలేజీ ఆటే రద్దుచేశారు. రెండేళ్లు మైదానం ఖాళీ. పత్రికలు దానికి మరణశిక్ష అని పేరు పెట్టాయి. దాన్నుంచి తేరుకోవడానికి ఆ జట్టుకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

2021 జులై 1న ఆ మడి తెగింది. ఆటగాడు తన పేరు, బొమ్మ అమ్ముకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా ఇవ్వడం మొదలైంది. ఒక్కో కాలేజీ మొదటి ఏడాది అన్ని ఆటల విద్యార్థులకూ కలిపి రెండుకోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా పంచవచ్చు. మన లెక్కలో 170 కోట్ల పైమాట. డాలస్‌లో నిన్న నేరమైంది ఇవాళ పద్దుపుస్తకంలో ఒక వరస.

దాంతో టోపీల బల్ల వేలంపాట బల్ల అయింది. ఫ్రిస్కోకు దగ్గర్లోనే సౌత్‌లేక్ అనే ఊరుంది. అక్కడి క్యారల్ స్కూలు క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ 2021లో పన్నెండో తరగతికి వెళ్లలేదు. అప్పటి టెక్సస్ నిబంధనల ప్రకారం స్కూలు పిల్లలు పేరు అమ్ముకోకూడదు. అందుకని ఏడాది ముందే స్కూలు ముగించి ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. సంతకాల ఒప్పందం ఒకటి 14 లక్షల డాలర్లకు కుదిరిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అప్పటికి వాడు కాలేజీలో ఒక్క బంతీ విసరలేదు. ఆ ఏడాది మొత్తంలో వాడు మైదానంలో ఉన్నది రెండు బంతులకు. రెండూ పక్కవాడి చేతిలో పెట్టేసినవే, విసిరినవి కావు. డిసెంబరుకల్లా సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ మూడేళ్లు ఆడాడు, రెండుసార్లు జట్టును జాతీయ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపికలో వాడి పేరు పిలిచింది ఏడో విడతలో, 231వ వాడిగా. పదిహేడేళ్లప్పుడు దేశంలోకెల్లా విలువైన చెయ్యి అది. ఇరవై రెండేళ్లకు ముందున్నవాళ్లు 230 మంది.

టెక్సస్‌లో యూవర్స్ ఆడిన చివరి రెండేళ్లు అతని వెనక గీత అవతల నిలబడ్డవాడి పేరు వింటే ఆశ్చర్యమేస్తుంది. ఆర్చ్ మానింగ్. తాత ఆర్చీ, చిన్నాన్నలు పేటన్, ఈలై, ముగ్గురూ పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. ఆ ఇంట్లో పుట్టినవాడి కోసం దేశంలోని పెద్ద కాలేజీలన్నీ న్యూ ఆర్లీన్స్ బాట పట్టాయి. టోపీల బల్ల లేదు, కెమెరాలు లేవు. 2022 జూన్ 23న ఒక్క ట్వీటు రాసి టెక్సస్‌లో చేరుతున్నానన్నాడు. చేరాక రెండేళ్లు ఆగాడు. యూవర్స్‌కు దెబ్బ తగిలినప్పుడు 2024లో రెండు ఆటలు మొదలుపెట్టాడు, అతను కోలుకోగానే మళ్లీ గీత అవతలికి. ఇప్పుడు ఆటగాళ్లు ఏడాదికో కాలేజీ మారొచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి, అడిగినంత ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వీడు కదల్లేదు. 2025లో వంతు వచ్చింది. మొదటి ఆట ఒహాయో స్టేట్ మైదానంలో, దేశంలో ఒకటో స్థానం జట్టుకు నాయకుడిగా దిగి 14-7తో ఓడిపోయాడు. మర్నాడు పొద్దున్నే టీవీ పండితులు వీడి చేతిలో సరుకు లేదని తేల్చేశారు. రెండేళ్లు ఆగినవాడికి వాళ్లిచ్చిన గడువు ఒక్క మధ్యాహ్నం.

అందరూ ఆగరు. ఆగక్కర్లేని సందర్భాలూ ఉంటాయి. మిషిగన్‌లోని బెల్విల్ అనే చిన్న ఊరి కుర్రాడు బ్రైస్ అండర్‌వుడ్ 2025లో స్కూలు ముగించిన పిల్లల్లో దేశానికి మొదటివాడు. లూసియానా స్టేట్‌కు వెళ్తానని 2024 జనవరిలో మాట ఇచ్చాడు. నవంబరులో మాట మార్చి, ఇంటికి అరగంట దూరంలోని మిషిగన్ విశ్వవిద్యాలయం టోపీ పెట్టుకున్నాడు. మధ్యలో ఏం జరిగిందో లోకానికి తెలుసు. కోటి డాలర్ల పైమాటేనని పత్రికలు రాశాయి, ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ చెయ్యి కూడా ఉందన్నాయి. 2025 ఆగస్టు 30న, పద్దెనిమిదో పుట్టినరోజు జరిగి రెండు వారాలు కాకముందే, ఆ కాలేజీ మైదానంలోకి మొదటి బంతి నుంచే దిగాడు. ఆ స్టేడియంలో కుర్చీలు 1,07,601. 2011 జనాభా లెక్కల్లో కోలారు పట్టణం మొత్తం 1,38,462 మంది. ఊళ్లో ముప్పావు వంతు మనుషులు ఒక పిల్లాడి చేతికేసి చూస్తున్నట్టు ఊహించుకోండి.

చేతికొచ్చేదాకా నమ్మకూడదన్న పాఠం జేడెన్ రషాడాది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరితే 138 లక్షల డాలర్లు ఇస్తామని కాలేజీ అభిమానుల బృందం ఒకటి ఒప్పందం రాసుకుంది. మన రూపాయల్లో వంద కోట్లు దాటిన మాట. అది చివరి నిమిషంలో తెగింది. 2023 జనవరిలో కాలేజీ నుంచి విడుదల అడిగి బయటపడ్డాడు. 2024లో కోర్టుకెక్కాడు. ఆ తర్వాత ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి తిరుగుతూనే ఉన్నాడు.

ఎవరూ రాని ఇల్లు

ఇన్ని పేర్లలో మా జిల్లావాళ్లకు నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఇంకొకడి కథ. కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయ అని పెద్ద వ్యవసాయ ప్రాంతం. టమోటా, ఖర్బూజా, ప్రత్తి, పిస్తా. అందులో ఫైర్‌బా అనే ఊరు. టమోటా లారీలతో తెల్లవారే కోలారు మార్కెట్ యార్డు చూసినవాళ్లకు ఆ ఊరి వాసన తెలిసినట్టే. అక్కడ ఒక రైతు కొడుకు జోష్ ఆలెన్. స్కూల్లో క్వార్టర్‌బ్యాక్, చేను పనీ చేసేవాడు. అస్సే ఆఫీసువాళ్లు ఎవరూ ఆ దారిన రాలేదు. నక్షత్రాలు లేవు, టోపీల బల్ల లేదు, పెద్ద కాలేజీల నుంచి ఒక్క పిలుపూ లేదు.

దగ్గర్లోని రీడ్లీ అనే రెండేళ్ల కాలేజీలో చేరాడు. ఏడాది ఆడాక దేశంలోని పెద్ద కాలేజీల కోచ్‌లకు, వాళ్ల సహాయకులకు, అందరికీ వరసబెట్టి ఈమెయిళ్లు రాశాడు. నా ఆట చూడండి అని. ఎక్కువమంది జవాబివ్వలేదు. చివరిదాకా నిలిచినది వయోమింగ్, చలికి, గాలికి పేరుపడ్డ రాష్ట్రం. అక్కడి నుంచి 2018లో అతన్ని ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని బఫలో జట్టు మొదటి విడతలో ఏడో ఆటగాడిగా ఎంచుకుంది. 2024 సీజన్‌కు లీగు మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు ఇతనే.

అస్సే పరీక్ష తప్పని దీనర్థం కాదు. ఎక్కువసార్లు అది నిజమే చెబుతుంది. మచ్చు తీయని రాయి సంగతి మాత్రం దానికి తెలీదు.

మన దగ్గర వెతుక్కుంటూ వచ్చింది

మనవైపు ఇలా గడప తొక్కి పిలిచిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. పిలిచింది కాలేజీలు కావు, కంపెనీలు, పోలీసులు, క్లబ్బులు.

బంగారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ వాళ్లు క్లబ్బులు, మైదానాలు వేసుకున్నారు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలగలిసిన కూలిలైన్ల పిల్లలకు ఆట అక్కడే అబ్బింది. కోలారు గడ్డ మీద 1940లో పుట్టిన కెన్నెత్ పావెల్ పరుగు వీరుడు. ఇతనికి అండగా నిలిచింది బెంగళూరులోని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ). ఉద్యోగం, జీతం, సాయంత్రం పరుగు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల రిలే జట్టులో పరిగెత్తాడు, మరుసటి ఏడాది అర్జున అవార్డు. 2022 డిసెంబరులో కన్నుమూశాడు. మా తరానికి ఆటగాడంటే ఇదే లెక్క. ఆట బాగుంటే ఐటీఐ, హెచ్‌ఏఎల్, రైల్వే, బ్యాంకు. కాలు విరిగినా ఒకటో తారీకు జీతం ఆగదు. కోలారు జిల్లా తండ్రులు నేటికీ పిల్లాడి ఆటను కొలిచేది ఆ తూకంతోనే.

హైదరాబాదులో మన ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేసిందీ అదే. గల్లీల్లో ఆడే కుర్రాళ్లను ఏరి సిటీ పోలీసు జట్టు తయారుచేశాడు. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు వాళ్లదే. ఆ పేరు విని కలకత్తా క్లబ్బులు హైదరాబాదు మీద వాలాయి. సికింద్రాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో ఇంకో కుర్రాడు, మహమ్మద్ హబీబ్. వయసు పదిహేడు. టోపీల బల్ల కుర్రాడి వయసే. భాష రాని ఊరు, చేపల వాసన, లక్ష గొంతుల అభిమానం. హబీబ్ మాత్రం కంపెనీ ఉద్యోగం ఒప్పుకోలేదు. ఆడడమే నా ఉద్యోగమన్న మనిషిగా కలకత్తా ఇప్పటికీ చెప్పుకుంటుంది. 1977 సెప్టెంబరులో పెలే ఉన్న కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచిన ఆటలో ఒక గోలు హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న హైదరాబాదులోనే పోయాడు.

హబీబ్ లెక్క అమెరికా కుర్రాళ్ల లెక్కకు దగ్గర, పావెల్ లెక్క మా పెద్దాయన లెక్కకు దగ్గర. ఏది మంచిదని అడిగితే నేను మాత్రం తేల్చలేను. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశాక ఒకటో తారీకు జీతం కూడా ఆగుతుందని మా జిల్లాకు తెలిసొచ్చింది.

కాలేజీ టోపీ పక్కన పెట్టిన తెలుగు పేరు

క్వార్టర్‌బ్యాక్‌ల్లో తెలుగు ఇంటిపేరు నాకైతే తగల్లేదు. పక్క ఆటలో తగిలింది. అర్జున్ నిమ్మల. ఫ్లోరిడాలో టాంపా దగ్గర పుట్టి పెరిగాడు, బేస్‌బాల్ ఆటగాడు. డోవర్ అనే ఊళ్లో స్ట్రాబెరీ క్రెస్ట్ హైస్కూల్లో షార్ట్‌స్టాప్. రెండో, మూడో స్థావరాల మధ్య నిలబడి ఎక్కువ బంతులు ఆపాల్సిన చోటు అది, మైదానంలో చురుకైనవాడికే ఇస్తారు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం పిలిచింది, వెళ్తానని మాటిచ్చాడు.

బేస్‌బాల్‌కు ఫుట్‌బాల్‌కు ఇక్కడ ఒక తేడా ఉంది. ఫుట్‌బాల్ కుర్రాడు స్కూలు వదిలాక మూడేళ్లు గడిస్తే గానీ ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు తీయదు. కాలేజీ తప్ప దారి లేదు. బేస్‌బాల్‌లో స్కూలు నుంచే నేరుగా వృత్తి జట్టు తీసుకుపోవచ్చు. 2023 జులైలో టొరంటో బ్లూ జేస్ జట్టు అర్జున్‌ను మొదటి విడతలో ఇరవయ్యో ఆటగాడిగా ఎంచుకుంది. అప్పటికి పద్దెనిమిది నిండలేదు. ముప్పై లక్షల డాలర్లకు సంతకం చేశాడు. కాలేజీ సీటును చేతిలో పెట్టుకుని వద్దనడమంటే తెలుగిళ్లలో ఎంత మాటో వేరే చెప్పాలా?

సంతకం తర్వాత కథ మళ్లీ ఆ నిలబడడమే. బేస్‌బాల్‌లో పెద్ద జట్టు కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లుంటాయి. కింది మెట్టు మైదానాల్లో జనం పల్చగా ఉంటారు, బస్సు ప్రయాణాలు పొడుగ్గా ఉంటాయి. 2024లో డునీడిన్‌లో ఆడుతుండగా మొదటి నెలల్లో బ్యాటు పలకలేదు. కొన్నాళ్లు ఆటల్లోంచి తప్పించి సాధనకు పంపారు. తిరిగొచ్చాక హోమ్ రన్లు కొట్టాడు. 2025లో ఇంకో మెట్టెక్కి కెనడాలో వాంకూవర్ జట్టుకు ఆడాడు.

ఇదంతా నాకు తోచినట్టు టీకొట్టు పెద్దాయనకు చెప్పాను. ఒక్క కూర్చున్నపాటున కాదు, ఆయనకు గిరాకీ ఉంటుంది. మూడు సాయంత్రాలు పట్టింది. జోష్ ఆలెన్ ఈమెయిళ్ల దగ్గర తలాడించాడు. వంద కోట్ల ఒప్పందం తెగిన చోట "అట్లయితే అడ్వాన్సు కూడా ఇయ్యలేదా" అని అడిగాడు. మానింగ్ రెండేళ్లు ఆగాడంటే, ఆస్పత్రి గేటు వైపు చూసి, ఎంబీబీఎస్ అయినాక పీజీ సీటుకు ఆగే పిల్లలు ఇక్కడ దండిగా ఉన్నారన్నాడు. అంతా విన్నాక నా ఫోను అడిగి తీసుకుని ఆ వీడియో మళ్లీ చూశాడు. ఈసారి కుర్రాడి మొహం చూడలేదు. బల్ల మీద వేలు పెట్టి చూపించాడు.

"మరి మిగిలిన మూడు టోపీలు ఏం చేస్తారప్పా?"

నాకు తెలీదన్నాను. ఆ రాత్రి ఫ్రిస్కోకు ఫోను చేసి మా వాణ్ణి అడిగాను.

"ఎవరూ అడగలేదు మామా," అన్నాడు. "వీడియో అక్కడే అయిపోతుంది కదా."